అనీసమ్మ కార్పెట్ కంపు

అనీస్ బేగం తన ముక్కును నమ్మినంతగా మనిషిని నమ్మదు. పాలవాడు నీళ్ళు కలిపాడో లేదో గిన్నె మూత తీసీ తీయకముందే చెబుతుంది. పక్కింట్లో పోపు మాడితే, ఆ ఇల్లాలు ఎవరితో ఫోన్‌లో మాట్లాడుతూ స్టవ్ సంగతి మరిచిందో కూడా ఊహించేస్తుంది. పొద్దున నూనె డబ్బా మీద కాటుకతో గీత పెట్టి, సాయంత్రానికి నూనె ఆ గీతకు ఎంత కిందికి దిగిందో చూసుకునే మనిషి. శివనగర్‌లో ఆమె ఉండే గల్లీ జనం ఆమెకు సీఐడీ అనీసమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఎవరు పెట్టి ఉంటారన్న దాని మీద కూడా ఆమెకు ఒక అనుమానం ఉంది.

పాపం, ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తలో రఘునాథపల్లి దగ్గరి పల్లెలో ఒక పెద్ద ఉమ్మడి ఇంట్లో అడుగుపెట్టింది. మొదటి బక్రీద్‌కు కుర్బానీ మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, వట్టి తునకల కోసం దండెం మీద ఆరేశారు. ఎండాక చూస్తే సగం లేవు. పిల్లి ఎత్తుకుపోయిందో, మరుదులు నమిలేశారో ఎవరికీ తెలియదు. అత్తగారు మాత్రం పదిమంది ముందు కొత్త కోడలి వైపు తిరిగి, పుట్టింటికి పంపి ఉంటుంది, ఇంకెక్కడికి పోతాయి అనేసింది. ఆ రోజు అనీస్ ఏడవలేదు. ఆ మాట మాత్రం ముల్లులా లోపల దిగబడిపోయింది. నింద మన మీద పడేలోపు మనమే నలుగురి మీదా కన్నేసి ఉంచాలని అప్పుడే గట్టిగా అనుకుంది. అనుకున్నది ఇన్నేళ్ళుగా తూచా తప్పకుండా చేస్తూ వచ్చింది.

ఇంత అనుమానం మనిషికీ చెయ్యి మాత్రం పెద్దది. ఆమె భర్త ముక్తార్ ఉన్నట్టుండి గుండె ఆగి పోయిన రోజు, వచ్చిన జనం కూర్చోవడానికి చోటు లేక మెట్ల మీదా, బైకుల మీదా కూర్చున్నారు. టెంట్ హౌస్ నుంచి తెప్పించిన కార్పెట్ జనాజా కదిలిన తర్వాత వచ్చింది. ఆ అవమానం ఆమె మరిచిపోలేదు. జాకెట్లు కుట్టి కూడబెట్టిన దానితో ఒక పెద్ద ఆకుపచ్చ కార్పెట్ కొన్నది. ఇంకే ఇంట్లోనూ చావుకు వచ్చినవాళ్ళు నేల మీద కూర్చోకూడదని ఆమె పంతం. అప్పటి నుంచి గల్లీలో పెళ్ళిచూపులైనా, పురుడైనా, దినాలైనా, ఫాతెహా అయినా అనీసమ్మ కార్పెట్ పరచాల్సిందే. హిందువా ముసల్మానా అని చూడదు. చెప్పులతో తొక్కొద్దని మాత్రం హెచ్చరిస్తుంది. తిరిగి వచ్చాక నాలుగు మూలలూ వాసన చూసి, ఎవరింట్లో ఎవరు ఏమి ఒలకబోశారో కనిపెడుతుంది.

అంత కార్పెట్ అపార్ట్‌మెంట్‌లోని ఆమె ఫ్లాట్‌లో పట్టదు. అందుకని సెల్లార్‌లో, వాచ్‌మన్ గది పక్కన, ఇటుకల మీద చుట్టచుట్టి పెట్టేది. వాచ్‌మన్ గట్టయ్య, అతని భార్య పూలమ్మ వర్ధన్నపేట వైపు మనుషులు. కౌలు పొలం కలిసిరాక ఇక్కడికి వచ్చి ఆ గదిలోనే ఉంటున్నారు. వాళ్ళకు కొలువూ అదే, ఇల్లూ అదే.

ఇక ఈ ఏటి బక్రీద్ సంగతి. కిందటేడే కొడుకు షకీల్ పెళ్ళయింది. కోడలు హుమేరాది డోర్నకల్, రైల్వే కుటుంబం. నెలకోసారి రైలెక్కి పుట్టింటికి పోయి వస్తుంది. పోయేటప్పుడు ఆమె సంచి ఎంత బరువుందో అనీసమ్మ కళ్ళతోనే తూకం వేసేది. ఈసారి వట్టి తునకలు మేడ మీద ఎండబెట్టి, కర్ర పట్టుకుని కాకుల్నీ పిల్లుల్నీ కాపలా కాసింది. బాగా ఎండాయి. మరి దాచేదెక్కడ? వంటింట్లో పెడితే అక్కడ హుమేరా ఉంటుంది. బాగా ఆలోచించి, హుమేరా ఈద్ డ్రెస్సుకు వాడగా మిగిలిన ఎర్ర లైనింగ్ గుడ్డతో ఒక సంచి కుట్టింది. తునకలు అందులో పోసి, పురుగు పట్టకుండా ఎండుమిరపకాయలూ వేపాకూ వేసింది. ఎవరైనా విప్పితే ఇట్టే తెలిసిపోయేలా మూతిని నల్లదారంతో దగ్గరదగ్గరగా కుట్టేసింది. సెల్లార్‌లోకి దిగి, కార్పెట్ చుట్ట మధ్య బోలులోకి చెయ్యి పట్టినంత లోపలికి తోసింది. ఇక్కడ ఎవరు వెతుకుతారులే అని సంతోషపడుతూ మెట్లెక్కింది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఎడతెరిపి లేకుండా కురిసి కురిసి, ఒక తెల్లవారుజామున నాలా పొంగి గల్లీలోకి వచ్చింది. గల్లీలోంచి ర్యాంపు మీదుగా సెల్లార్‌లోకి దూకింది. చూస్తుండగానే బైకులు మునిగాయి, నీళ్ళు తోడే మోటరూ మునిగింది. అనీసమ్మ కిందికి దిగి వచ్చేసరికి గట్టయ్య, గల్లీ కుర్రాళ్ళు కొందరు కలిసి కార్పెట్‌ను నడుము లోతు నీళ్ళలోంచి ర్యాంపు పైకి ఈడ్చి పడేశారు. చుట్ట విడిపోతే చేతికొచ్చినట్టు మడతేసి కుప్పపోశారు. ఆమె గబగబా పోయి అందినంత మేర మడతల్లో చెయ్యి పెట్టి తడిమింది. సంచి తగల్లేదు.

దొంగకు తేలు కుట్టినట్టయింది. పోయిందని అరవడానికి లేదు. అరిస్తే అక్కడెందుకు పెట్టావంటారు, ఎవరి నుంచి దాచావంటారు. హుమేరా పక్కనే గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. అనీసమ్మ నోరు మూసుకుని చుట్టూ చూసింది. ఇంతకాలం కార్పెట్‌కు దగ్గర్లో మసిలేది ఎవరు? వాచ్‌మన్ పెళ్ళాం. ఆ క్షణాన ఆమె మనసులో తీర్పు జరిగిపోయింది. ఇక మిగిలింది సాక్ష్యాలు వెతకడమే.

నీళ్ళు తీసి, బురద ఎత్తిపోసిన తర్వాత కంపు మొదలైంది. మామూలు తడి వాసన కాదది. మురుగుకాలువ, పులిసిన మజ్జిగ, చచ్చిన ఎలుక మూడూ కలిపి మూత పెట్టినట్టు ఉంది. ర్యాంపు మీది కార్పెట్ కుప్పలోంచి లేచి మెట్ల దారిలో పైదాకా ఎక్కింది. మబ్బు విడవడం లేదు, ఎండ రావడం లేదు. అనీసమ్మ దాని మీద ఫినాయిల్ పోసింది, డెటాల్ పోసింది, ఉప్పూ నిమ్మరసమూ చల్లింది. చివరికి సాంబ్రాణిలా లోబాన్ పొగ కూడా వేసింది. కంపుకు అత్తరు పూసినట్టయింది తప్ప పోలేదు. పైగా ఇప్పుడు ఏది ఏ వాసనో ఆమె ముక్కుకే తెలియకుండా పోయింది.

విప్పి కడిగితే తప్ప లాభం లేదు. ఆ పని పూలమ్మే మొదలుపెట్టింది. ఒక పొద్దున ఒంటరిగా ఒక మడత ఎత్తింది. ఎత్తి, కెవ్వున అరిచి, తేలు కుట్టినట్టు వెనక్కి దూకి, మడతను మళ్ళీ కప్పేసి గదిలోకి పరుగెత్తింది. పైనుంచి బాల్కనీలో నిలబడి అనీసమ్మ ఇదంతా చూసింది. ఏదో ఉంది అనుకుంది. వెంటనే కిందికి దిగింది.

"పూలమ్మా, జర అవతలి కొస పట్టు. ఇద్దరం కలిసి విప్పుదాం."

"నాతోని కాదమ్మా. నడుము పట్టేసింది."

"నిన్న బురద తట్టలు మోసినప్పుడు లేని నొప్పి, కార్పెట్ అనంగనే వచ్చిందా?"

పూలమ్మ కార్పెట్ వైపు చూసింది. తర్వాత అనీసమ్మ చేతుల వైపు చూసింది. మొహం వైపు మాత్రం చూడలేదు. గదిలోకి పోయి తలుపు వేసుకుంది. కళ్ళలోకి చూడలేదంటే తప్పు చేసినట్టే అని అనీసమ్మ లెక్క కట్టింది.

మరునాడు వాచ్‌మన్ గది గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడాయి. దొంగతనం చేసినదానికి దేవుడి భయం పట్టుకుంది అనుకుంది అనీసమ్మ. ఏం చేస్తుందో చూద్దామని హుమేరాతో ఒక గిన్నెడు ఖట్టీ దాల్ పంపింది. పూలమ్మ గిన్నె తీసుకుంది. హుమేరా అటు తిరగ్గానే గోడ వెనక కుక్కకు పోసింది. పైనుంచి అది కూడా చూసిన అనీసమ్మకు ఒళ్ళు మండిపోయింది. నా వట్టి తునకలు తిన్న నోటికి నా పప్పు చేదయిందా అనుకుంది.

"అత్తమ్మా, షకీల్‌కు చెప్తా. నలుగురిని తీసుకొచ్చి కార్పెట్ మేడ మీదికి ఎక్కిస్తడు. నేను సుత కడుగుతా" అన్నది హుమేరా ఆ సాయంత్రం.

అనీసమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. అడక్కుండానే ఇంత సేవ ఎందుకు చేస్తానంటోంది ఈ పిల్ల? "ఏం అవసరం లేదు. ఎండ రానియ్యి" అన్నది. అనుమానం పెనుభూతం అంటారు. అది పట్టినవాళ్ళకు సాయం చేసే చెయ్యి కూడా జేబులో చెయ్యిలాగే కనిపిస్తుంది.

ఫ్లాట్ల వాళ్ళు ముక్కులు మూసుకుని తిట్టుకోవడం మొదలుపెట్టారు. అసోసియేషన్ ప్రెసిడెంట్ శ్యాంసుందర్ మెట్ల మీద ఎదురుపడి, ఈ కంపు సంగతి ఏమిటమ్మా అన్నాడు. అనీసమ్మ నాలుక మీదికి అసలు మాట వచ్చి ఆగిపోయింది. దాని బదులు ఇంకో మాట జారింది.

"గట్టయ్య పండుకున్నడు సార్. బస్తాలు అడ్డం పెడితే నీళ్ళు వచ్చునా? ఇగ గసొంటి వాచ్‌మన్ మనకెందుకు?"

అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఆ తెల్లవారుజామున అతను బస్తాలు మోస్తుండగా బాల్కనీలోంచి చూసింది కూడా. కానీ దొంగను దొంగ అని చెప్పే దారి లేనప్పుడు ఇంకో పేరుతో పట్టిస్తే తప్పేమిటి అని తనకు తానే సర్దిచెప్పుకుంది. శ్యాంసుందర్ ఆదివారం మీటింగ్ పెట్టాడు. గట్టయ్యను తీసేస్తారన్న మాట ఆ పూటే అందరికీ తెలిసింది. తీసేస్తే వాళ్ళకు ఈ వానల్లో తలదాచుకునే గది కూడా ఉండదు. ఊళ్ళో తాము వదిలేసిన కౌలు పొలాన్ని ఇంకెవరో దున్నుతున్నారు. ఇదంతా అనీసమ్మకూ తెలుసు. తెలిసి కూడా, అయితే దొంగతనం ఎందుకు చేయాలి అని పళ్ళు కొరికింది.

ఆదివారం పొద్దున మబ్బు విడిచి ఎండ కాసింది. అందరూ ర్యాంపు దగ్గర ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని నిలబడ్డారు. గట్టయ్య చేతులు కట్టుకుని మధ్యలో ఉన్నాడు.

"నీళ్ళొచ్చిన నాడు నువ్వు పండుకున్నవట గదయ్యా" అన్నాడు శ్యాంసుందర్.

"పండుకోలేదు సార్. బస్తాలు అడ్డం పెట్టిన. మోటరు పెట్టిన, అదే మునిగింది. మా బియ్యం బస్తా సుత ఇడిసిపెట్టి, ముందుగాల ఈ అమ్మ కార్పెట్ గుంజిన. మా నాయిన సచ్చిపోయిననాడు మా చుట్టాలు కూసున్నది దీని మీదనే."

అనీసమ్మకు ఆ చావు గుర్తొచ్చింది. నిజమే. ఆ రోజు అడక్కముందే తనే పంపింది. ఆమె ఇంకా తేరుకోకముందే పూలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"మీరు పొమ్మనుడేంది సార్, మేమే పోతాం. పానాల మీదికి వచ్చినంక కొలువెందుకు? మా గడప పక్కన మంత్రం పెట్టిండ్రు. గా కార్పెట్ల ఉన్నది సూడుండ్రి. ఎర్రగుడ్డ, నల్లదారం. ఈ అమ్మ సేతికుట్టే అది. నా రవికె మీద గదే కుట్టున్నది, నాకు ఎర్క లేదా?"

షకీల్, గట్టయ్య, ఇంకో ఇద్దరు కలిసి తడి కార్పెట్‌ను ఒక్కో మడతే విప్పారు. నడిమి మడతలో, కార్పెట్ వీపుకు అంటుకుపోయి, ఉబ్బిన ఎర్ర సంచి కనిపించింది. అతుకు వదిలిన చోట తడిసిన వేపాకు, మిరపకాయ తొడిమ, పసుపు పచ్చగా ఏదో ముద్ద. కంపు ఒక్కసారిగా లేచింది. అందరూ వెనక్కి తగ్గారు.

మూడో అంతస్తు ఉప్పలయ్య గొంతు పెంచాడు. "అనీసమ్మ ఎందుకు పెడ్తది సార్? వీళ్ళే పెట్టి ఉంటరు. ఈడ పండుకునేది వీళ్ళేనాయె. తీసేస్తరని ఎర్కై మన మీద మంత్రం చేసిండ్రు. పోలీసులకు ఫోన్ కొట్టుండ్రి, లేకుంటే నేనే బయటికి గుంజుతా."

ఔను, ఔను అని ఇంకో నాలుగు గొంతులు కలిశాయి. పూలమ్మ మొహంలో నెత్తురు లేదు. గట్టయ్య ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మంత్రాలు చేశారన్న మాట ఒకసారి లేస్తే అది ఎక్కడ ఆగుతుందో పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

అనీసమ్మకు అంతా ఒక్కసారే అర్థమైంది. పూలమ్మ అరుపు, నడుము నొప్పి, నిమ్మకాయ, కుక్కకు పోసిన పప్పు. తను ఆమెను దొంగ అనుకుంటున్నన్నాళ్ళూ, ఆమె తనను చంపడానికి వచ్చిన మనిషి అనుకుని వణికిపోయింది. అయినా ఇప్పుడు నోరు మెదపకపోతే చాలు. పూలమ్మ మాట ఎవరూ నమ్మడం లేదు. అందరూ తన వైపే ఉన్నారు. బతుకులో మొదటిసారి పదిమంది తనను నమ్ముతున్నారు, అదీ తను అబద్ధమాడినప్పుడు.

పక్కకు చూసింది. హుమేరా ఎర్ర గుడ్డ వైపు చూస్తోంది. తన ఈద్ డ్రెస్సు లైనింగ్‌ను ఆ పిల్ల గుర్తుపట్టింది. తర్వాత అత్త వైపు చూసింది.

అనీసమ్మ చెప్పులు విడిచి తడి కార్పెట్ మీదికి నడిచింది. సంచి దగ్గర గొంతుక్కూర్చుని, ఎప్పుడూ మెడలో తాడుకు వేలాడే దారం కత్తెర తీసి, నల్లకుట్టు పటపట తెంపింది.

"మంత్రం లేదు, మన్ను లేదు. వట్టి తునకలు ఇవి. బక్రీద్ మాంసం. కుట్టింది నేనే, పెట్టింది నేనే."

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఉప్పలయ్య కూడా నవ్వాడు.

"ఇంట్ల ఫ్రిజ్ పెట్టుకొని ఈడెందుకు పెట్టినవమ్మా?" అన్నాడు శ్యాంసుందర్ కళ్ళు తుడుచుకుంటూ.

మంత్రం కాదని చెప్పడం తేలికే. అసలు కష్టం ఈ ప్రశ్న. ఆమె తలెత్తకుండా చెప్పింది.

"నా కోడలు డోర్నకల్ పంపుతదని దాచిపెట్టిన. కనవడకపోతే పూలమ్మ తీసిందనుకున్న. గట్టయ్య పండుకోలేదు సార్. నేను అబద్ధం చెప్పిన."

నవ్వులు ఆగిపోయాయి. హుమేరా అప్పుడు మాట్లాడింది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"మా నాయినకు కిడ్నీలు సరిగ లేవత్తమ్మా. దవాఖానల ఉప్పు మాంసం మొత్తానికే బంద్ చేయించిండ్రు. మా పొయ్యి మీద వట్టి తునకలు ఎక్కక ఎన్ని దినాలాయెనో. నా సంచి బరువుంటదని సూస్తరు గద, అండ్ల ఉండేటియి ఆయన మందులే. డోర్నకల్‌ల దొరకయని ఈడికెళ్ళి కొనుక్కపోతా."

పదిమందిలో కోడలు పుట్టింటి పేరు ఎత్తి నింద వేసింది ఎవరో కాదు, తనే. అత్తగారింట్లో ఆ రోజు విన్న గొంతు ఇప్పుడు తన నోట్లోంచే వచ్చింది. ఏళ్ళ తరబడి ఎవరి మీద పగ పెట్టుకుందో సరిగ్గా ఆ మనిషిలాగే తయారైంది. అనీసమ్మ అక్కడే, ఆ తడి మీదే కూలబడి ఏడ్చింది. కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఆపుకున్న ఏడుపు కూడా అందులో కలిసి వచ్చింది.

గట్టయ్య గడ్డపార పట్టుకుపోయి ఆ సంచిని దూరంగా పాతిపెట్టాడు. అతని కొలువు గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. శ్యాంసుందర్ ఫోన్ చెవికి ఆనించుకుని మెల్లగా పైకి జారుకున్నాడు. అనీసమ్మా హుమేరా చీపుర్లు పట్టుకుని కార్పెట్‌ను సర్ఫ్ నీళ్ళతో తోమారు. మురుగు నీళ్ళు తాకినదాన్ని పాక్, అంటే శుద్ధి, చేయాలంటే మూడుసార్లు కడగాలి, ప్రతిసారీ నీళ్ళు పూర్తిగా పిండాలి. రెండోసారి పిండేసరికి అత్తాకోడళ్ళ రెక్కలు పడిపోయాయి. చాలాసేపు గది గుమ్మంలోనే నిలబడి చూసిన పూలమ్మ, మూడోసారికి వచ్చి అవతలి కొస పట్టింది. మాట మాత్రం ఆడలేదు.

కార్పెట్ పిట్టగోడ మీద ఆరి, మళ్ళీ గల్లీలో ఇళ్ళిళ్ళూ తిరుగుతోంది. ఒక మూల ఇంకా కొంచెం వాసన ఉందని అనీసమ్మ ముక్కుకు తెలుసు. నూనె డబ్బా మీద కాటుక గీత లేదు. ఉంటే మళ్ళీ చూడాలనిపిస్తుందని తనే తుడిచేసింది. అయినా చెయ్యి అప్పుడప్పుడూ కాటుక డబ్బా వైపు పోతుంది, లేదని చెప్పను.

పూలమ్మ మాత్రం ఆ తర్వాత ఆమె చేతి తిండి ముట్టలేదు. గిన్నె తీసుకునేది, పక్కన పెట్టేది. మంత్రం కాదని కళ్ళారా చూసినా, భయం అంత తేలిగ్గా పోతుందా? అది అనీసమ్మకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఏమి వండినా గిన్నె తనే పట్టుకుని కిందికి దిగుతుంది. పూలమ్మ చూస్తుండగా అందులోంచి ఒక ముద్ద తీసి ముందు తను తింటుంది. నమిలి మింగిన తర్వాతే గిన్నె చేతికి ఇస్తుంది. అలా చేయమని పూలమ్మ అడగలేదు. తప్పు చేసిన మనిషి పడాల్సిన పరీక్షే అది అనుకుని, చలికాలమంతా, రంజాన్ వచ్చేదాకా, సిగ్గు దిగమింగుకుంటూ ప్రతిసారీ ఆ ముద్ద తిన్నది.

రంజాన్‌లో ఒక సాయంత్రం ఇఫ్తార్‌కు ముందు హలీమ్ గిన్నెతో దిగింది. గుమ్మంలో నిలబడ్డాక గుర్తొచ్చింది, తను ఉపవాసం ఉంది, అజాన్ కాలేదు, ముందుగా రుచి చూడ్డానికి లేదు. ఏం చెప్పాలో తోచక గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పూలమ్మ ఆమె మొహం వైపు చూసింది. చేతుల వైపు కాదు, మొహం వైపే.

"ఒక్కపొద్దున్నవు గదనే అనీసక్కా. ఇటు తే" అన్నది. గిన్నె లాక్కుని, గుమ్మంలోనే కూర్చుని తినడం మొదలుపెట్టింది.